మార్చిలో గుల్మార్గ్, ఔలి: మంచు ఎట్టా ఉంటది, ఏ టైముకి దిగాలి?

కావలి కాలువ
అందరికీ నమస్కారం. మార్చి రెండో వారంలో నలుగురం స్కీయింగ్‌కి పోదామనుకుంటున్నాం. ఇద్దరికి బేసిక్ కోర్సు అయిపోయింది, స్నోప్లౌలో (స్కీ ముక్కులు దగ్గరికి, తోకలు దూరంగా పెట్టి) ఆగడం, నిదానంగా మలుపు తిప్పడం వచ్చు. మిగతా ఇద్దరికి మంచు చూడటమే కొత్త. ఉత్తరాఖండ్‌లోని ఔలి అయితే ఖర్చు తగ్గుద్ది అంటున్నారు, కశ్మీర్‌లోని గుల్మార్గ్ అయితే మంచుకి ఢోకా లేదంటున్నారు. యాప్‌లో గుల్మార్గ్‌కి పగలు 6 డిగ్రీలు చూపిస్తా ఉంది. ప్లస్‌లో ఉంటే మంచు కరిగిపోదా? ఎక్కడికి పోవాలి, ఏ టైముకి దిగాలి, ఏమేం సర్దుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పినాకిని (నెల్లూరు)
పగటి డిగ్రీలు చూసి బెంబేలు పడబాకండి. మార్చిలో ముందు చూసుకోవాల్సింది రాత్రిని. రాత్రి మంచు గట్టిగా బిగిసిందా లేదా అన్నదాన్ని బట్టే మర్నాటి స్కీయింగ్. ఎన్ని అడుగులు పడింది అనేది ఆ తర్వాతి మాట.

కరగడం గురించి ముందు. సున్నా డిగ్రీల్లో ఉన్న కిలో మంచు నీళ్ళు కావాలంటే 334 కిలోజూళ్ళ వేడి పడుద్ది. అంత వేడితో కిలో నీళ్ళని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు. కాబట్టి మీటరు, రెండు మీటర్లు పేరుకున్న మంచు పగలు 6 డిగ్రీలు వచ్చినంత మాత్రాన పోదు. మెత్తబడేది పైపొర ఒక్కటే.

యాప్ చెప్పే 6 డిగ్రీలు గుల్మార్గ్ ఊరికి, అంటే 2,650 మీటర్ల ఎత్తుకి. వంద మీటర్లు పైకి పోతే సుమారు 0.65 డిగ్రీ తగ్గుద్ది. గొండోలా (తాడు మీద పోయే కేబుల్ కారు) మొదటి దశ ఆగే కొంగ్‌డూరి 3,080 మీటర్ల దరిదాపుల్లో ఉంది, రెండో దశ చేరే అఫర్వాత్ 3,950 దగ్గర. ఊళ్ళో 6 ఉన్నప్పుడు కొంగ్‌డూరిలో 3, అఫర్వాత్ మీద మైనస్ 2 లెక్కేసుకోండి. కింద జావలా ఉన్న రోజున పైన పొడి మంచు దొరికేది ఇందుకే.

ఇక అసలు సంగతి. పగలు ఎండకి పైపొర కరిగి ఆ తడి కిందికి దిగుద్ది, రాత్రి మళ్ళీ బిగుస్తది. వరసగా నాలుగైదు రోజులు ఇట్టా జరిగితే ఆరు మూలల పలుకులన్నీ అరిగిపోయి ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల గుండ్రటి గింజలవుతాయి. గుప్పిట్లోకి తీసుకుంటే మన ఇస్కపల్లి కొటార్లలో రాళ్ళుప్పు పట్టుకున్నట్టే ఉంటది. దాన్నే కార్న్ స్నో అంటారు. తెల్లవారుజామున ఆ గింజలన్నీ అతుక్కుపోయి, బూటు మడమతో గట్టిగా తన్నినా గుంట పడనంత పలకై ఉంటాయి. ఎండ తగిలాక పైన రెండు మూడు సెంటీమీటర్లు వదులవుద్ది, అడుగు మాత్రం గట్టిగానే ఉంటది. స్కీ అంచు ఆ వదులు పొరలో పట్టు దొరకబుచ్చుకుంటది, అడుగు పొర మునగనియ్యదు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి ఇంతకన్నా సుఖమైన మంచు లేదు. అయితే ఆ అవకాశం ఒక్కో వాలు మీద గంట, మహా అయితే రెండు గంటలు.

యాప్‌లో చూడాల్సినవి రాత్రి కనిష్ఠం, రాత్రి మబ్బు, గాలి. ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసుకుంటది. అప్పుడు గాలి ప్లస్ 1 ఉన్నా పైపొర బిగుస్తది. మబ్బు మూసిందంటే వదిలిన వేడి తిరిగొస్తది, మైనస్ 1 ఉన్నా సరిగ్గా బిగవదు. మబ్బు పట్టిన వెచ్చటి రాత్రి తర్వాత పొద్దున్నే మంచు మెత్తగా ఉందంటే దాన్ని మంచి శకునం అనుకోవద్దు. ఆ రోజు వాలుగా ఉన్న చోట్లకి పోకుండా ఉండటమే మేలు.

సింగరాయకొండ సుబ్బు
బాగా చెప్పారన్నా. అట్టయితే గొండోలా తెరవంగానే మొదటి బండి పట్టుకుంటే సరి గదా? రద్దీ ఉండదు, మంచు కరిగేలోపు నాలుగు రౌండ్లు పడతాయి.

కొత్తపట్నం తీరం (ఒంగోలు)
జనవరిలో అయితే అదే మాట సుబ్బూ. మార్చిలో కొత్తవాళ్ళని తెల్లారగానే దించితే మోకాళ్ళు, మణికట్లు పోతాయి. నిన్న సాయంత్రం జనం తొక్కిన గాళ్ళన్నీ రాత్రికి బిగుసుకుని రాతి గట్లై ఉంటాయి. స్కీ ముక్కు ఆ గాడిలో పడితే అది లాగిన దిక్కుకి పోవడమే, మన మాట వినదు. స్నోప్లౌ పెట్టినా అంచు కొరకదు, జారతానే ఉంటది.

ఊళ్ళో చదునుగా ఉండే బేబీ స్లోపుల మీద అయినా పొద్దున 9:30 ముందు మొదలుపెట్టకండి. దిగబోయే ముందు స్కీ పోల్ మొనని నిటారుగా గుచ్చి చూడండి. టక్‌మని వెనక్కి తన్నితే ఇంకో అరగంట ఆగాలి. బరువేస్తే రెండు మూడు సెంటీమీటర్లు దిగి అక్కడ గట్టి నేల తగిలితే బయల్దేరండి. పోల్ చక్రం దాకా సునాయాసంగా దిగబడుతుంటే ఆ వాలు అయిపోయినట్టే, వేరే దిక్కు వాలుకి మారాలి.

దిక్కు లెక్క తెలిస్తే రోజంతా వాడుకోవచ్చు. ముందు తూర్పు వాలు మెత్తబడుద్ది, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. ఉత్తరం వాలు మార్చి నెలంతా చలికాలంలోనే ఉంటది, ఎండ ఏటవాలుగా తగులుద్ది కాబట్టి. అఫర్వాత్ నుంచి గొండోలా కిందుగా దిగే వాలు ఎక్కువగా తూర్పు, ఈశాన్యం చూస్తా ఉంటది. అందుకని అక్కడ కింది భాగం 11 గంటలకే మెత్తబడినా పైభాగం పొడిగానే ఉండొచ్చు.

చెప్పకపోతే చాలామందికి తట్టని సంగతి ఇంకోటి. దేవదారు చెట్ల నీడలో మంచు గడ్డగా ఉండి స్కీ వేగంగా జారుద్ది. నీడ దాటి ఎండలోకి రాంగానే తడి మంచు అడుగున పట్టేసి స్కీ ఆగిపోద్ది, మనిషి మాత్రం ముందుకి పోతాడు. మొహం నేలకి కొట్టుకునేది ఎక్కువగా అక్కడే. నీడ అంచు కనపడగానే మోకాళ్ళు వంచి, ఒక పాదం అర జానెడు ముందుకి జరిపి, బరువు మడమల మీదికి పోకుండా పాదం మధ్యలో ఉంచండి.

ఆత్మకూరు బస్టాండ్ (నెల్లూరు)
ఔలి సంగతి కూడా ఎవరన్నా చెప్పండన్నా. కావలి తమ్ముడు అడిగింది అదీ గదా.

పినాకిని (నెల్లూరు)
ఔలి చక్కటి చోటు. 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య వాలు, ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి, నేర్చుకునేవాళ్ళకి ఇబ్బంది పెట్టని ఏటవాలు. జి.ఎం.వి.ఎన్. (గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్, ప్రభుత్వ పర్యాటక సంస్థ) వాళ్ళ 7 రోజుల, 14 రోజుల కోర్సులు అక్కడే జరుగుతాయి. అయితే ఎత్తంతా 3,050 లోపే కావడంతో మార్చి రెండో వారానికి అక్కడ మంచు జూదమే. ఫిబ్రవరి చివర్లో ఒక మంచి వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమర నుంచి వచ్చి వాన, మంచు కురిపించే వాతావరణం) వచ్చిపోతే నిండుగా ఉంటది, రాకపోతే గడ్డి, రాళ్ళు బయటపడతాయి. 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం అక్కడ మంచు తయారుచేసే యంత్రాలు పెట్టారు, కానీ వాటిని నమ్ముకుని మార్చి టికెట్లు చేయించుకోవద్దు. ఆ యంత్రాలకైనా గాలి సున్నాకి దిగి, పొడిగా ఉండాలి.

ఇంకోటి, జోషిమఠ్‌లో నేల కుంగడంతో ఔలి రోప్‌వే 2023 జనవరిలో ఆపేశారు. రోడ్డు మీద పోయేట్టు లెక్కేసుకోండి. రిషీకేశ్ నుంచి జోషిమఠ్ 250 కి.మీ. పైచిలుకు ఘాట్ రోడ్డు, ఒక పగలంతా పడుద్ది.

నన్నడిగితే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో ఔలి. మార్చిలో గుల్మార్గ్. హోటల్‌కి డబ్బు కట్టేముందు అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ఎవరితోనైనా ఆ రోజు మధ్యాహ్నం 2 గంటలకి తీసిన వీడియో పంపమనండి. పొద్దుటి ఫోటోలో బిగిసిన మంచు ఎప్పుడూ అందంగానే ఉంటది.

సింగరాయకొండ సుబ్బు
మనాలి?

కొత్తపట్నం తీరం (ఒంగోలు)
సోలాంగ్ 2,500 మీటర్ల చిల్లర. మార్చికి వాలు కింద సగం తడిసి ముద్దవుద్ది. అటల్ టన్నెల్ దాటి సిస్సు వైపు మంచు ఎక్కువ రోజులు ఉంటది, కానీ అక్కడ మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి లిఫ్టు సదుపాయం లేదు. ఎక్కడం, దిగడం రెండూ కాళ్ళతోనే.

వేదాయపాళెం వాసు
గుల్మార్గ్ పోయేవాళ్ళు ఫోన్ సంగతి చూసుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గొండోలా టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారు కాబట్టి ఒక్క రోజుకే పెట్టుకుని ఆశలన్నీ దాని మీదే పెట్టుకోవద్దు. కొత్తగా మంచు పడితే తంగ్‌మార్గ్ నుంచి పైకి 13 కి.మీ. చైన్లు వేసిన బండ్లనో, ఫోర్ బై ఫోర్ బండ్లనో మాత్రమే వదులుతారు. ఆ రోజు ఎయిర్‌పోర్టుకి దిగాల్సి ఉంటే తెల్లారే లేచి బయల్దేరాలి.

కావలి కాలువ
అందరికీ థ్యాంక్స్. గుల్మార్గే ఖాయం చేసుకున్నాం. మంచు చరియల గురించి వార్తల్లో చూస్తుంటే ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారు. మేం పొయ్యే చోట్లకి ఆ ప్రమాదం ఉంటదా?

పినాకిని (నెల్లూరు)
బేబీ స్లోపులు, ఊరి చుట్టుపక్కల చదును వాలు, కొంగ్‌డూరి దగ్గర జనం నేర్చుకునే చోటు. ఇంతవరకే ఉంటే, స్కీ పెట్రోల్ వాళ్ళు (వాలుల దగ్గర కాపలా చూసేవాళ్ళు) తెరిచి ఉంచిన రోజున భయం లేదు. అఫర్వాత్ లెక్క పూర్తిగా వేరు. అక్కడ గొండోలా బౌల్‌లో (గొండోలా కిందుండే గిన్నె లాంటి వాలు) స్కీ పెట్రోల్ వాళ్ళు చూస్తారు, హద్దు తాడు దాటి పక్కకి పోతే ఎవరి పూచీ ఉండదు. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా స్కీయర్ అక్కడి చరియల్లోనే పోయారు.

చరియలు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మార్చిలో రెండు రకాలు. ఒకటి, వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లో 30, 40 సెం.మీ. కొత్త మంచు పడి, మర్నాడే ఎండ కాసినప్పుడు. పాత పలక మీద కొత్త పొర ఇంకా అతుక్కోదు, ఎండకి బరువెక్కుద్ది, తెగి జారుద్ది. మంచు ఆగాక కనీసం ఒకటి రెండు రోజులు ఏటవాలు చోట్లకి పోకూడదు. ఫోటోలకి అందమైన రోజు కూడా అదే, అందుకే జనం ఆగలేరు. రెండోది తడి చరియ. రాత్రి బిగవకపోయినా, వాన పడినా, మధ్యాహ్నం ఎండ ముదిరినా, నీరు లోపలికి దిగి పొరల మధ్య పట్టు వదిలిస్తది.

కంటికి కనపడే గుర్తులు ఉన్నాయి. వాలు మీద వాటంతటవే చిన్న చిన్న మంచు ఉండలు చుట్టుకుంటా దొర్లుతుంటే అక్కడ ఉండకూడదు. అడుగేస్తే కాలికింద బుస్సుమని కుంగిన చప్పుడు, స్కీ ముందు నుంచి పగులు పాకడం, పక్క వాలు అప్పుడే జారి ఉండటం, ఇవేవీ తేలిగ్గా తీసుకునేవి కావు. నడిస్తే బూటు చీలమండ దాటి దిగబడుతుంటే టైము అయిపోయినట్టు.

చండీగఢ్‌లో ఉన్న రక్షణ శాఖ సంస్థ డి.జి.ఆర్.ఇ. చరియల హెచ్చరికలు ఇస్తది. స్థాయిలు 1 నుంచి 5. మూడో స్థాయి అంటే మధ్యస్థం అనుకుని పోతుంటారు, అది తప్పు. మూడులో మనిషి బరువుకే చరియ తెగే అవకాశం బాగా ఉంటది.

కొత్తపట్నం తీరం (ఒంగోలు)
దీనికి ఒకటి కలుపుతా. కోర్సు చేసిన ఇద్దరు గైడుతో రెండో దశకి పోవాలనుకుంటే ఒక్కొక్కరి ఒంటి మీద ట్రాన్సీవర్ (చరియలో కూరుకుపోతే జాడ చెప్పే రేడియో), వీపు సంచిలో ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార ఉండాల్సిందే. ట్రాన్సీవర్ 457 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తది. ఫోన్ దాని పక్కన ఉంటే సిగ్నల్ చెడుద్ది. మామూలుగా పంపే స్థితిలో 20 సెం.మీ., వెతికే స్థితిలో 50 సెం.మీ. దూరం ఉంచండి. అయస్కాంతం బటన్ ఉన్న జేబులూ అంతే. కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల్లోనే ఎక్కువ. ఊళ్ళో నుంచి సాయం వచ్చేలోపు ఆ టైము అయిపోద్ది, తవ్వాల్సింది పక్కనున్నవాళ్ళే. వస్తువులు అద్దెకి తెచ్చుకుని వాడటం తెలియకపోతే లాభం లేదు. ముందురోజు చదును నేల మీద ఒకటి పాతిపెట్టి వెతకడం సాధన చెయ్యండి.

ట్రంకు రోడ్డు (ఒంగోలు)
అద్దె సామాను దగ్గర తొందరపడితే ట్రిప్పంతా బాధే. బూటు ముందు. దాని సైజు సెంటీమీటర్లలో ఉంటది, పాదం పొడవు 26 అయితే 26 లేదా 26.5 అడగండి. లోపలి లైనర్ బయటికి తీసి, ఉత్త ప్లాస్టిక్ తొడుగులో పాదం పెట్టి, వేళ్ళు ముందుకి ఆనించండి. మడమ వెనక ఖాళీ ఒకటిన్నర నుంచి రెండు సెం.మీ. ఉంటే సరిపోయింది. మూడు ఉంటే మడమ లేస్తది, అంచు తిరగదు. లైనర్ పెట్టి బకిల్స్ బిగించాక నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు భాగానికి తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. మేజోడు ఒక్కటే, పల్చటి ఉన్నిది. చలి అని రెండు వేస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి.

స్కీ పొడవు కొత్తవాళ్ళకి గడ్డం దాకా, కాస్త వచ్చినవాళ్ళకి ముక్కు దాకా. అంచు మీద గోరు అడ్డంగా గీకండి, సన్నగా పొట్టు లేస్తే పదునుంది. తుప్పు, గండ్లు ఉంటే మార్చమనండి, బిగిసిన మంచు మీద ఆ అంచే మీకు బ్రేకు. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) అంకె మీ బరువు, ఎత్తు, వయసు, వచ్చిన విద్య, బూటు అడుగు పొడవు బట్టి పెడతారు. ఆ పొడవు బూటు మడమ పక్కన మిల్లీమీటర్లలో అచ్చేసి ఉంటది. కుర్రాడు అడక్కుండానే పెట్టేస్తుంటే ఆపి ఇవన్నీ చెప్పండి. అంకె ఎక్కువైతే పడ్డప్పుడు స్కీ ఊడక మోకాలు మెలిపడుద్ది, తక్కువైతే మలుపులోనే ఊడిపోద్ది.

ఆత్మకూరు బస్టాండ్ (నెల్లూరు)
మధ్యాహ్నం స్కీ అతుక్కుపోతా ఉంటదంటారు గదా, దానికేం చెయ్యాలి?

ట్రంకు రోడ్డు (ఒంగోలు)
స్కీ జారడానికి అడుగున పల్చటి నీటి పొర కావాలి. మార్చి మధ్యాహ్నం ఆ నీరు మరీ ఎక్కువై నున్నటి అడుగుకి పట్టేస్తది. దుమ్ము, చెట్ల పుప్పొడి కలిస్తే ఇంకా మొరాయిస్తది. విరుగుడు వెచ్చటి మంచుకి వాడే మెత్తటి మైనం, ఎక్కువగా పసుపు రంగులో వస్తది. షాపులో వేయించుకుంటే చాలు. మీరే వేస్తే, అడుగు శుభ్రంగా తుడిచి, ఇస్త్రీతో మైనం చుక్కలు కార్చి, ముక్కు నుంచి తోక దాకా ఆపకుండా ఒకే ఊపున పరచండి. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టు, ఒకచోట ఆపితే అడుగు కాలిపోద్ది. అరగంట చల్లారనిచ్చి ప్లాస్టిక్ గీకుడు పలకతో గీకి, నైలాన్ బ్రష్ కొట్టాలి. చాలామంది గీకకుండా వదిలేస్తారు. మందంగా మిగిలిన మైనమే స్కీని పట్టేస్తది. జేబులో రుద్దుడు మైనం ఒకటి ఉంచుకోండి, రెండు మూడు సార్లు దిగడానికి వస్తది.

దర్గామిట్ట డాక్టరమ్మ
కళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. కొత్త మంచు అందులో 80 శాతం దాకా తిరిగి కొడుతుంది. మైపాడు బీచిలో పొడి ఇసుక తిప్పికొట్టేది 15 శాతమే. మనవాళ్ళు ఎండ అలవాటే అనుకుని మంచులో అద్దాలు తీసి తిరుగుతారు. నొప్పి వెంటనే రాదు, 6 నుంచి 12 గంటల తర్వాత, రాత్రిపూట కంట్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. అలా అయితే కాంటాక్ట్ లెన్సు తీసేసి, కళ్ళు రుద్దకుండా, చీకటి గదిలో చల్లటి తడిగుడ్డ వేసుకోండి. ఎక్కువగా ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, చూపు మసకేస్తే డాక్టరుకి చూపించాలి.

గాగుల్స్ ఎండ రోజున మూడో కేటగిరీ (ముదురు అద్దం), మబ్బు రోజున ఒకటో కేటగిరీ (లేత అద్దం). కళ్ళజోడు ఉన్నవాళ్ళు దాని మీద పట్టేవి అడగండి. సన్‌స్క్రీన్ ఎస్.పి.ఎఫ్. 50, రెండు గంటలకోసారి. గడ్డం కింద, ముక్కు కింద, చెవుల వెనక మర్చిపోవద్దు, మంచు నుంచి వెలుతురు కింది వైపు నుంచి కూడా వస్తుంది.

మీరు సముద్ర మట్టం నుంచి వెళ్తున్నారు. మొదటి రాత్రి శ్రీనగర్‌లో, అంటే 1,585 మీటర్ల దగ్గర పడుకుని మర్నాడు గుల్మార్గ్ ఎక్కండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా అసిటజోలమైడ్ 125 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి, కొందరికి ఇస్తాం. సల్ఫా ఎలర్జీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు మీ డాక్టరుని అడక్కుండా వేసుకోవద్దు. తలనొప్పితో పాటు వాంతులు, నడక తూలడం ఉంటే ఇంకేం ఆలోచించకుండా కిందికి దిగాలి. సుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ పెన్ను లోపలి జేబులో పెట్టుకోండి, గడ్డకట్టింది మళ్ళీ పనికిరాదు.

కావలి కాలువ
డాక్టరమ్మా, చాలా ఉపయోగం. ఇంకా నెల టైముంది. ఒంటిని ఎట్టా సిద్ధం చేసుకోవాలి?

కొత్తపట్నం తీరం (ఒంగోలు)
స్కీయింగ్‌లో తొడ కండరం సాగుతూ బరువు మోస్తది. జాగింగ్ ఒక్కటే దానికి చాలదు. మెట్లు దిగడం మంచి సాధన. వారానికి రెండుసార్లు మెట్లున్న కొండేదైనా ఎక్కి, దిగేటప్పుడు మోకాలు వంచి నిదానంగా దిగండి. మిగతా రోజుల్లో గోడకి వీపు ఆనించి కుర్చీ వేసినట్టు 45 సెకన్లు, మూడుసార్లు. ఒంటికాలి మీద నిమిషం నిలబడటం. బీచి దగ్గరుంటే పొడి ఇసుకలో చెప్పుల్లేకుండా అరగంట నడక, చీలమండ గట్టిపడుద్ది.

బట్టల్లో నూలు వద్దు. తడిస్తే ఆరదు, మార్చి మంచు తడిపేదే. ఒంటికి ఆనుకుని పాలిస్టర్ లేదా ఉన్ని, పైన ఫ్లీస్, ఆపైన నీళ్ళు దిగని జాకెట్, ప్యాంటు. గ్లవ్స్ రెండు జతలు, మధ్యాహ్నానికి మొదటి జత తడిసిపోద్ది. పోల్ తాడులోకి చెయ్యి కింది నుంచి పైకి పెట్టి పట్టుకోండి. పడేటప్పుడు పోల్ వదిలెయ్యాలి, గుప్పిట బిగిస్తే బొటనవేలి కీలు దెబ్బతింటది.

కావలి కాలువ
మా ప్లాను ఇది: మొదటి రోజు శ్రీనగర్, రెండో రోజు గుల్మార్గ్ చేరి సామాను తీసుకోవడం, మూడో రోజు కోర్సు అయినవాళ్ళు రెండో దశకి, కొత్తవాళ్ళు బేబీ స్లోపుకి.

పినాకిని (నెల్లూరు)
మూడో రోజు రెండో దశ తీసెయ్యండి. నలుగురూ కిందే ఉండి, కొత్తవాళ్ళకి గంటకి ఇంతని ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టండి. మీ ఇద్దరూ కొంగ్‌డూరి దగ్గర 10 నుంచి 12:30 దాకా చేసి ఆపెయ్యండి. అలిసిన కాళ్ళతో ఆఖరి రౌండు, అదీ జావ మంచులో, దెబ్బలు తగిలేది అక్కడే. అయిదో రోజుకి ముందు రెండు రాత్రులు తేటగా బిగిసి ఉంటే, హెచ్చరిక స్థాయి ఒకటో రెండో అయితే, గైడు సరేనంటే అప్పుడు అఫర్వాత్. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా గొండోలాలో పైకి పోయి, కొండలు చూసి, గొండోలాలోనే దిగండి.

ట్రంకు రోడ్డు (ఒంగోలు)
సాయంత్రం రూముకి రాంగానే బూట్ల లైనర్లు బయటికి లాగి విడిగా ఆరబెట్టండి. హీటరుకి ఆనించొద్దు, మూరెడు దూరంలో పెట్టండి. పొద్దున ప్లాస్టిక్ తొడుగు చల్లగా ఉంటే పాదం దూరదు, రాత్రి గదిలోపలే ఉంచుకోండి.

కావలి కాలువ
సరేనన్నా. ప్లాను మార్చేశాం, రెండో దశ అయిదో రోజుకి పెట్టాం. టికెట్లు ఈ రాత్రికే చూస్తున్నాం.